బతికున్నవాడి విందు

అయిదుగురికి మించి ఒకచోట కూడితే జైలే. అందుకే తండ్రి పోయి వంద రోజులైందని చెప్పి లాస్త్రి టీచరు ఇంట్లో స్లామెతాన్ అనే ఆచారపు విందు పెట్టింది. చాపల మీద కూర్చున్న తొమ్మిది మందికీ అసలు సంగతి తెలుసు.

1966లో, సైన్యం కమ్యూనిస్టుల్ని వేటాడుతున్న రోజుల్లో, జావాలోని సోలో పట్నం చుట్టుపక్కల గుర్తింపు కార్డులో మతం లేనివాడు కమ్యూనిస్టు కిందే లెక్క. పొరుగింటి విర్యో తాత మసీదుకూ పోడు, చర్చికీ పోడు. కళ్ళు మూసుకుని దేవుణ్ణి తనలోనే వెతుక్కుంటాడు. సైన్యం ఆయన్ని పట్టుకుపోయింది. సోమవారం లారీ ఎక్కిస్తారట. ఆ లారీ ఎక్కి తిరిగొచ్చినవాడు లేడు.

ఆయన దైవభక్తుడే, వదిలిపెట్టండని రాసిన అర్జీ మీద కేథలిక్ లాస్త్రి, పాస్టర్ యోసాఫత్ సంతకాలు చేశారు. ఊరి ముస్లింల పెద్ద హాజీ జర్కాసీ కూడా చేస్తేనే దానికి విలువ.

"పెట్టెయ్యండి హాజీగారూ" అన్నాడు పాస్టరు.

"నీకేం, సులువుగా అంటావు. రేపు మావాళ్ళే రాళ్ళతో వస్తారు."

"మా చర్చిలో దాక్కుందురుగాని. పంది మాంసం పెట్టంలెండి."

వాకిట్లో జీపు ఆగింది.

లాస్త్రి అర్జీని నడికట్టులో దోపుకుంది. సార్జెంటు పర్మిన్ లోపలికొచ్చి, నిలబడే అన్నం పళ్ళేలన్నీ కలియజూశాడు.

"ఎవరి విందు?"

"మా నాన్నది. వందో రోజు."

"మరి అపెం ఏదమ్మా? ఆ అట్లు లేకుండా చచ్చినవాళ్ళ విందేంటి? నేనూ జావావాణ్ణే."

కంగారులో లాస్త్రి పురిటి విందుకు వండినట్టు వండేసింది. ఇంకో అబద్ధం వెతికింది, దొరకలేదు. చెయ్యి దానంతటదే నడికట్టులోకి పోయింది.

"చచ్చినవాళ్ళకే కదండీ అపెం. మేం బతికున్నవాడి కోసం కూర్చున్నాం" అంటూ అర్జీ చాచింది.

పర్మిన్ మెల్లగా, ఒక్కో పేరూ చదివాడు. "హాజీగారు ఇక్కడే ఉన్నారు, పేరు లేదే?"

జర్కాసీ తలుపు వైపు చూశాడు, పాస్టరు వైపు చూశాడు. కాగితం లాక్కుని సంతకం గీశాడు. సిరా అలుక్కుపోయింది.

"ఇప్పుడుంది" అన్నాడు.

పర్మిన్ అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కమాండరుకి నేనే ఇస్తాను. ఎవరూ కదలొద్దు" అని వెళ్ళి జీపెక్కాడు.

ఇస్తాడో, ఇదే కాగితంతో తొమ్మిది ఇళ్ళ తలుపులూ తడతాడో, అతని మొహంలో ఏమీ తెలియలేదు.

"టీచరమ్మా, కాసిని మంచినీళ్ళు" అన్నాడు హాజీ. ఆమె గ్లాసు ఇచ్చింది గానీ, ఇద్దరి చేతుల్లోంచీ నీళ్ళు ఒలికిపోతూనే ఉన్నాయి.