ఓడ మీద నుంచి ఇల్లు

ఐదింటికి పావుగంట ముందే తీనోమ్ చేయి మంచం కిందికి పోయింది, బూట్ల కోసం. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ వేళకి ఆ చేయి చేసే మొదటి పని అది. మెలకువ దాని తర్వాత వస్తుంది. ఈసారి వేళ్లకి మెత్తటి తోలు తగిలింది, చిన్న మడమ తగిలింది. భార్య లియోనీస్ ఈ ప్రయాణం కోసమని కొనుక్కున్న తెల్ల బూట్లు. అప్పటికి గాని గుర్తు రాలేదు, తను పనిలోంచి దిగిపోయి ఆరు నెలలైందనీ, ఈ పూట ఓడ కోసం గట్టు మీద కాచుకోనక్కర్లేదనీ, ఓడలోనే పడుకుని ఉన్నాననీ.

మనిషి ఆరడుగుల పైమాట. పుట్టినప్పుడు మాత్రం పీలగా, పిల్లి కూనంత ఉన్నాడని నాయనమ్మ 'తీనోమ్' అంది. వాళ్ల భాషలో చిన్నమనిషి అని. ఆ పేరే ఉండిపోయింది. సెయింట్ లూసియా దీవిలో అంతే. చర్చి పుస్తకంలో ఒక పేరుంటుంది, ఊరి నోట్లో ఇంకో పేరుంటుంది. పుస్తకంలో పేరుతో, పుట్టి నీళ్లు చల్లించుకున్నప్పుడూ పోయి మట్టి వేయించుకున్నప్పుడూ తప్ప ఎవరికీ పని పడదు. తీనోమ్‌కి కూడా అలాంటి పేరొకటి ఉంది, ఇపోలీత్ మోంతూత్ అని. అది పిలవగా విని ఎన్నాళ్లయిందో అతనికే తెలియదు.

అతని పని కాస్ట్రీస్ రేవులో ఓడలు కట్టడం. పైనుంచి విసిరిన సన్న తాడు అందుకుని, దాని వెనకాల నీళ్లలోంచి ఈడ్చుకొచ్చే మోకు తాడు కొస పట్టి, ఆ ఉచ్చుని గట్టు మీది ఇనుప గుంజకి తగిలించాలి. సాయంత్రం అదే ఉచ్చుని ఎత్తి నీళ్లలోకి వదిలేయాలి. ఎడమ చేతి చిటికెన వేలు కొస ఒక తాడు తీసుకుపోయింది. అరచేతులు ఎండిన కొబ్బరి డొక్కల్లా గట్టిపడి ఉంటాయి. ఇన్ని ఓడలు కట్టినవాడు ఒక్క ఓడలోనూ అడుగు పెట్టలేదు, మొన్న చర్చి పండగ లాటరీలో లియోనీస్ చీటీ తగిలేదాకా. ఇద్దరికి వారం రోజులు ఓడ విహారం. పక్క దీవి బార్బడోస్‌లో ఎక్కారు. ఇవాళ నాలుగో రోజు, ఓడ వాళ్ల సొంత ఊరికే వస్తోంది.

లియోనీస్ నిద్ర లేచేసరికి అతను తయారైపోయి, పసుపు మీద ఎర్ర చిలకలున్న చొక్కా తొడుక్కుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ చొక్కా కూడా ఆమె ఎంపికే.

"ఏమయ్యా, నువ్వెళ్లి పట్టుకోకపోతే ఓడ ఆగదా?"

"ఊరికే చూద్దామని, లియో."

"ఆ జేబు ఉబ్బెత్తుగా ఉందేంటి? తియ్."

దొంగ పట్టుబడ్డట్టు తోలు చేతి తొడుగులు బయటికి తీశాడు. పాతవి, అరచేతుల దగ్గర నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆమె వాటిని లాక్కుని చేతి సంచిలో, ఇంటి తాళాల పక్కన పడేసింది.

"విహారానికొచ్చినవాడివి విహారంలా ఉండు," అంది.

ఎనిమిదో అంతస్తు కటకటాల దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. రెండు కొండల మధ్య సందులోంచి ఓడ మెల్లగా రేవులోకి వస్తోంది. కింద గట్టు మీద ఐదుగురు మనుషులు. తీనోమ్‌కి నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ పైనుంచి చూసేవాళ్లకి తాము అంతే కనబడ్డామా అనుకున్నాడు. సన్న తాడు ఎగిరింది. కబ్వీ అందుకున్నాడు. కబ్వీ అంటే మేక, ఆ గడ్డం వల్ల వచ్చిన పేరు. తీనోమ్ దిగిపోయాక ఆ జట్టుకి వాడే పెద్ద. అందుకోవడంలో ఒక అడుగు ఆలస్యమైంది, ఎప్పుడూ అంతే వాడు. తీనోమ్ వేళ్లు కటకటాల మీద బిగుసుకున్నాయి.

లియోనీస్ గట్టు వైపు చూడటం లేదు. కొండ వైపు చూస్తోంది. కొండంతా ఇళ్లు, ఒకదాని నెత్తిన ఒకటి, రేకుల కప్పులు.

"మన ఇల్లేది?"

"అదుగో," అని చేయి చూపించాడు తీనోమ్. ఎటు చూపించాడో అతనికే తెలియదు.

ఆమె ఆ వేలి వెంబడి పోలేదు. చాలాసేపు వెతుక్కుంది. చర్చి శిఖరం, దాని మీద రోడ్డు వంపు, రోడ్డు మీద రొట్టెపండు చెట్టు, చెట్టు పక్కన నీలం నీళ్ల తొట్టి. దొరికింది. వేలి గోరంత వసారా. నీడలో ఉంది, పొద్దు కొండ వెనక నుంచి వస్తోంది. ఆమె కళ్లు అక్కడ నుంచి మెల్లగా కిందికి, గట్టు దాకా దిగాయి. మధ్యలో సుంకం వాళ్ల పెద్ద గిడ్డంగి అడ్డంగా నిలబడి ఉంది. ఇంటి నుంచి చూస్తే అది మిగతా కప్పుల్లో కలిసిపోతుంది, గోడ ఎత్తు తెలిసేది ఇక్కడి నుంచే.

"తీనోమ్."

"ఊఁ."

"గట్టు మీంచి మన ఇల్లు కనబడదు కదా?"

అతను కటకటాల మీంచి చేతులు తీసి జేబుల్లో పెట్టుకున్నాడు.

పెళ్లయిన కొత్తల్లో మొదలైన ముచ్చట అది. సాయంత్రం ఓడ కూత వినబడగానే లియోనీస్ వసారాలోకి వచ్చి బల్లగుడ్డ ఊపేది. ఓడ పోయింది, ఇక ఇంటికి రా, వంటయింది అని. అతను ఇంటికి రాగానే "చూశావా?" అని అడిగేది. "చూశాను" అనేవాడు. ఒక్కోసారి ఉషారెక్కువైతే "ఓడలో వాళ్లు కూడా చూసి చేతులూపారు" అని కూడా కలిపేవాడు. తాడు నీళ్లలో పడేటప్పుడు తలెత్తి కొండ వంక చూసే తీరిక ఎవడికి? బడి వంటశాలలో రోజంతా మూడొందల మంది పిల్లలకి వండి వచ్చిన మనిషి, కాళ్లు పీకుతున్నా వసారాలోకి వచ్చి ఊపేది. రెండు గుడ్డలు చిరిగిపోయి మూడోది వచ్చింది. అతను చూశాననడం మానలేదు.

పోట్లాడితే బాగుండేది. ఆమె పోట్లాడలేదు. కటకటాల మీద చెమ్మని అరచేత్తో తుడిచింది.

"సాయంత్రం ఎండ ఇల్లంతా పడుతుంది. ఇక్కడ నిలబడితే బాగా కనబడుతుంది. ఓడ కదిలేటప్పుడు నువ్వూ నేనూ ఇక్కడే నిలబడి చూద్దాం. ఇద్దరం కలిసి. ఈ ఒక్క రోజు తాడు ముట్టుకోకు."

"ముట్టుకోను," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ పగలు వాళ్లు ఓడ దిగలేదు. సొంత ఊరి సంతలో తిరగడానికి ఓడెక్కడం ఎందుకంది లియోనీస్. ప్రయాణికులంతా దిగిపోయి ఓడ ఖాళీ అయింది. ఆమె భోజనశాలలో కిటికీ పక్క బల్ల ఎంచుకుని రాణిలా కూర్చుంది. తినడం అయ్యాక మాత్రం అలవాటు కొద్దీ తన పళ్లెం, తీనోమ్ పళ్లెం, పక్క బల్ల మీది ఎవరివో మూడు పళ్లేలు ఒకదానిలో ఒకటి పేర్చి వంటగది వైపు నడిచింది. వడ్డించే అతను పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, మీరు కూర్చోవాలి! మా పై వాళ్లు చూస్తే నన్ను తిడతారు."

"చేపలో ఉప్పు తక్కువైందని చెప్పు నాయనా మీ పై వాళ్లకి. పళ్లేల సంగతి నేను చూసుకుంటాను."

తీనోమ్ పడీ పడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. పొద్దుటి మాట ఇద్దరి మధ్యా అలాగే ఉంది, కాకపోతే కాసేపు పక్కకి జరిగి కూర్చుంది. తర్వాత నీడలో వాలు కుర్చీల్లో పడుకున్నారు. బయల్దేరేటప్పుడు పాత చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి వచ్చానని ఆమె గుర్తు చేసుకుంది. అవి అక్కడుంటే ఏ దొంగ వెధవైనా ఇంట్లో మనిషి ఉందనుకుని పోతాడని ఆమె నమ్మకం. "నీ చెప్పులు చూసే దొంగ పారిపోతాడు, నిన్ను చూడక్కర్లేదు," అన్నాడు తీనోమ్. ఆమె కళ్లు మూసుకునే అతని మోచేతి మీద ఒకటి తగిలించింది.

నాలుగింటికి అతను లేచాడు. కాగితపు రుమాలులో రెండు కేకు ముక్కలు చుట్టుకున్నాడు.

"కబ్వీకి ఇచ్చి వస్తా. ఐదు నిమిషాలు."

లియోనీస్ ఒక కన్ను తెరిచి చూసింది. సంచి దగ్గరికి లాక్కుంది, తొడుగులు అందులోనే ఉన్నాయి. "నాలుగున్నరకి ఎక్కేయమన్నారు."

"ఓడ ఎప్పుడు కదులుతుందో నాకు చెబుతావా?"

గట్టు మీద అతన్ని చూడగానే జట్టంతా గోల పెట్టారు.

"ఒరేయ్, దొరగారొచ్చారు! చిలకల చొక్కా చూడండ్రా!"

"మా చేతులు మురికి, ముట్టుకోకండి దొరా!"

కబ్వీ కేకు రెండు ముక్కలూ ఒక్క ముద్దలో మింగి, గడ్డం దులుపుకున్నాడు. జట్టులో ఒకడికి మధ్యాహ్నం నడుము పట్టేసింది, ఇంటికి పంపేశారు. నలుగురే మిగిలారు. ఓడ ముక్కు వైపు చివరి గుంజ దగ్గర మోకులు ఒకదాని మీద ఒకటి బిగిసిపోయి ఉన్నాయి.

"పై ఉచ్చు ముందు తీస్తావా? పిచ్చోడా, కింద దాన్ని పైదాని కన్నంలోంచి పైకి దూర్చి తీయాలి. ఎన్నిసార్లు చెప్పాను!" అన్నాడు తీనోమ్.

"చెప్పావన్నా. చెప్పి నువ్వే చేసేసేవాడివి, అందుకే నేర్చుకోలేదు."

అతను వంగి చూపించాడు. చూపించడమంటే ముట్టుకోవడం కాదని అనుకున్నాడు. తడి తాడు వాసన ముక్కుకి తగిలింది. పొద్దుటి నుంచీ ఒంట్లో ఎక్కడో పట్టేసినట్టున్నది వదిలిపోయింది. ఆ సంతోషం దాచుకోవడం అతనికి చేతకాలేదు. ఒక ఉచ్చు సర్దాడు, రెండోది సర్దాడు. ఓడ మెట్లు అక్కడికి రెండు వందల గజాల దూరం, అతని వీపు వెనక.

ఓడ మీది మైకు గొట్టాల్లోంచి ఆడగొంతు వినబడింది. రోజూ వినే గొంతే. ఇంకా ఎక్కని ప్రయాణికుల్ని పిలుస్తోంది.

"మిస్టర్ హిప్పోలైట్ మ్యాన్‌టౌట్. మిస్టర్ హిప్పోలైట్ మ్యాన్‌టౌట్. దయచేసి వెంటనే ఓడలోకి రావాలి."

జట్టంతా నవ్వారు. రోజూ నవ్వే నవ్వే అది. ప్రతి సాయంత్రం ఎవడో ఒకడు సారా కొట్లో ఇరుక్కుని, చేతుల్లో చెప్పులు పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. వాడి కోసం గట్టు మీద వీళ్లు ఎదురు చూస్తారు.

"మ్యాన్‌టౌట్ గారు ఏ కొట్లో ఉన్నాడో పాపం," అన్నాడు కబ్వీ.

"పెళ్లాం పైన తిట్లు కూడగట్టుకుంటూ ఉంటుంది," అన్నాడు తీనోమ్. అందరికంటే గట్టిగా నవ్వింది అతనే.

మళ్లీ పిలిచారు. మూడోసారి పిలిచారు. తర్వాత మెట్లు లోపలికి లాగేసిన చప్పుడు. ఆ చప్పుడు తర్వాత ఏం చేయాలో అతని ఒంటికి తెలుసు. పైనుంచి ఓడ మనిషి చేయి ఊపాడు. తాడు వదులైంది. తీనోమ్ కాళ్లు ఎడం పెట్టి, ఉత్త చేతులతో ఉచ్చు ఎత్తి గుంజ మీంచి తప్పించి నీళ్లలోకి వదిలేశాడు. దబ్బున పడింది. అదే చివరి తాడు. ఓడకీ గట్టుకీ మధ్య గీతంత నీళ్లు కనబడ్డాయి. గీత మూరెడైంది.

అప్పుడు అతను ఎప్పుడూ చేయని పని చేశాడు, తలెత్తి చూశాడు. ఎనిమిదో అంతస్తు కటకటాల దగ్గర తెల్లటి టోపీ పెట్టుకుని లియోనీస్ ఒక్కతే నిలబడి ఉంది. పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంచుకుంది.

"మోంతూత్," అన్నాడు తీనోమ్ మెల్లగా. "కబ్వీ, ఆ ఇంగ్లీషు నోట్లో మ్యాన్‌టౌట్ గాడు నేనేరా."

కబ్వీ ఓడ వంక చూశాడు, అతని వంక చూశాడు. పైనుంచి లియోనీస్ అరవలేదు. చేయి ఊపలేదు. అతన్నే చూస్తోంది, అతని ఉత్త చేతుల్ని చూస్తోంది. నీళ్లు మూరెడు దాటి బారెడయ్యాయి, తర్వాత ఇక కొలవడానికి లేదు. ఓడ ముక్కు తిప్పుకుంది.

"రేపు పొద్దున చిన్న విమానం ఉందన్నా," అన్నాడు కబ్వీ. "ఓడ తర్వాతి రేవు గ్రెనడా చేరేసరికి నువ్వు అక్కడుంటావు. వదిన నిన్ను చంపుతుందనుకో, కానీ రేపే కదా."

తీనోమ్ వినలేదు. "నీ వ్యాను తియ్," అన్నాడు. "ఓడ కొండ మలుపు దాటడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. కొండెక్కించు నన్ను."

చర్చి దాటి, రోడ్డు వంపు దాటి, రొట్టెపండు చెట్టు కింద వ్యాను ఆగేసరికి ఓడ రేవు నోట్లో ఉంది. ఎండ అడ్డంగా వచ్చి వసారా అంతా పరుచుకుంది. తలుపుకి తాళం. తాళం చెవి ఓడలో, చేతి సంచిలో ఉంది. బల్లగుడ్డ తలుపు అవతల ఉంది. తీనోమ్ ఒక్క క్షణం తలుపు వంక చూసి, చొక్కా గుండీలు విప్పలేక తల మీంచి లాగేసి, వసారా చివర నిలబడి ఊపసాగాడు. చిలకల చొక్కా, పసుపుది. అరవై ఆరేళ్ల మనిషి, ఒంటి మీద చొక్కా లేకుండా, ఆయాసపడుతూ ఊపుతున్నాడు. కింద రోడ్డు మీద ఎవరో ఆగి చూశారు. చూసుకోనీ.

ఇక్కడ నుంచి ఓడ మీద మనుషులు కనబడటం లేదు. తెల్లటి అంతస్తులు మాత్రం ఉన్నాయి. ముప్పై ఎనిమిదేళ్లు లియోనీస్ ఇక్కడ నిలబడి, ఏమీ కనబడకపోయినా ఊపింది. ఇంటికొచ్చిన మొగుడు చూశానన్నాడని మర్నాడు మళ్లీ ఊపింది. అతనికి సిగ్గేసింది, ఎవరూ చూడకపోయినా వేసే సిగ్గు. అన్ని ఓడల్లో అంతమంది పోయారు గాని, ఈ వసారా ఎక్కడుందో తెలిసిన మనిషి ఇవాళ్టి ఓడలోనే ఉంది. ఆమె ఇటు చూస్తోందో, కోపంతో అటు తిరిగి కూర్చుందో తెలియదు. చేయి నొప్పి పుట్టి రెండో చేయి మార్చాడు.

ఓడ కొండ మలుపు వెనక్కి పోయింది. కాసేపు పొగ కనబడింది, తర్వాత అదీ లేదు. కబ్వీ చెట్టు కింద వ్యానులోనే కూర్చున్నాడు, హారన్ కొట్టలేదు. తీనోమ్ మెట్టు మీద కూలబడ్డాడు. చొక్కా ఒళ్లో పెట్టుకున్నాడు.

గుమ్మం పక్కన లియోనీస్ పాత చెప్పులు ఉన్నాయి, మడమల దగ్గర అరిగి, ఇంట్లో మనిషి ఉన్నట్టే.