ఇద్దరి హాజరు

బత్తాయిల పెట్టె ఖాళీ చేసి, దానిమ్మపండ్లను ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి వరుసగా పేర్చేసరికి మొజంజాహీ మార్కెట్ గడియారం తొమ్మిదింబావు చూపిస్తోంది. పరశురాం చేతులు కడుక్కుని, దుకాణం వెనక మేకుకు తగిలించిన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఇరవై రోజులుగా తెల్లవారుజామునే వచ్చి పనిచేస్తున్నా దుకాణం సేటుకు ఇంకా అతని పేరు తెలియదు.

"అరే, పోతున్నవా? రేపు జల్ది రా," అన్నాడు సేటు, ఇటు చూడకుండానే.

పరశురాంకు ఇది కొత్త కాదు. అతని ముఖం ఎవరికీ గుర్తుండదు. పొడుగూ కాదు, పొట్టీ కాదు. గొంతు పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ఊరి బడిలో ఏడో తరగతి చదివేటప్పుడు, ముందు వరుసలో కూర్చున్నవాడికి పంతులు రెండుసార్లు ఆబ్సెంటు వేశాడు. పదో తరగతి ఫొటోలో అతని చెవి ఒక్కటే పడింది. తల్లి మాత్రం ఆ చెవి మీద వేలు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ "గిదే మావోడు" అని చూపించేది.

ఆ గుర్తుండని ముఖమే ఇప్పుడు పనికొస్తోంది.

అబిడ్స్ గల్లీలోని డిగ్రీ కాలేజీలో మొదటి రోజు, గోడకు ఆనుకుని నిలబడ్డ పరశురాంను "నీ పేరేంది?" అని అడిగినవాడు రత్నాకర్ ఒక్కడే. మర్నాడు ఆ పేరు పెట్టే పిలిచాడు. రత్నాకర్‌ది దేవరకద్ర అవతల పల్లె. హాస్టల్లో సీటు వచ్చేదాకా నాంపల్లి స్టేషను ఎదుటి లాడ్జిలో పడుకుంటున్నాడు. పడుకునే చోటుకు బదులుగా పొద్దుటినుంచి పన్నెండు దాకా గదుల్లో దుప్పట్లు మార్చాలి. పని అయ్యేదాకా ఫోను మేనేజరు సొరుగులో ఉండాలి. పదింటి ఇంగ్లీషు క్లాసు అందదు. అందుకని ఆ క్లాసులో రెండు పేర్లకూ పరశురామే పలుకుతున్నాడు.

ఆవేళ సోమయాజులు సారు రిజిస్టరు తెరవకుండా కళ్ళద్దాల మీదుగా క్లాసంతా చూశాడు.

"ఒకరి బదులు ఇంకొకరు పలుకుతున్నారని విన్నాను. దొరికారో, ఇద్దరికీ టీసీలు చేతిలో పెట్టి పంపించేస్తాం. చెప్పకుండా వరుసగా పది రోజులు మానేసినా అంతే, పేరు కొట్టేస్తాం. మీ సీట్ల కోసం బయట బోలెడుమంది కాచుక్కూర్చున్నారు."

పేర్లు మొదలయ్యాయి. తన పేరుకు పరశురాం మామూలుగానే పలికాడు. ఆ తరువాత ఆరు పేర్లు.

"రత్నాకర్."

కింద పడ్డ పెన్ను తీస్తున్నట్టు వంగి, గొంతు కాస్త బొంగురు చేసి, "యెస్ సార్" అన్నాడు. సారు తల ఎత్తాడు. మళ్ళీ దించి టిక్కు పెట్టాడు.

పెన్ను జేబులో పెట్టుకున్నాడో లేదో, ఆఫీసు గుమాస్తా అహల్య మేడం గుమ్మంలోకి వచ్చింది.

"సార్, రత్నాకర్ అనే పిలగాడున్నడా? ఇంటికెంచి ఫోను. జల్ది తోలియ్యున్రి."

"ఇప్పుడే పలికాడుగా. ఎవరయ్యా? లే."

అరవై మంది ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. వెనక బెంచీ మీద ఎవడో కిసుక్కున నవ్వి, "లే బే, సుట్టాలు యాద్ జేస్తున్రు" అన్నాడు. లేవకపోతే ఇద్దరి చదువూ ఈ క్షణంతో సరి. పరశురాం లేచాడు. సోమయాజులు సారు అతని ముఖం వంక నిదానంగా చూశాడు. పద్దెనిమిదేళ్ళలో ఒక పంతులు తనను అంతసేపు చూడటం అదే మొదలు.

ఆఫీసులో ఫోను బల్ల మీద పక్కకు పెట్టి ఉంది. అహల్య మేడం రెండడుగుల దూరంలో నిలబడింది.

"హలో."

"తమ్మీ, నేను జమునక్కను రా." అవతల గొంతు పూడుకుపోయి ఉంది. "నీ ఫోను లేపుతలేవేంది? ఇంటున్నవా?"

నేను మీ తమ్ముణ్ణి కాదనే మాట నాలుక దాకా వచ్చింది. మేడం ఇటే చూస్తోంది.

"ఔ," అన్నాడు.

"నాయిన పోయిండు రా. పొద్దుగాల చేనుకాడ కూలవడ్డడు. దవాఖానకు తీస్కపొయ్యేలోపే పాణం పోయింది. నువ్వొచ్చేదాక ఎత్తనియ్యను. వస్తవు గదా?"

"వస్తున్నక్కా."

"ఏడువకు బిడ్డా. తొవ్వల పైలం."

ఆమె అన్నాకే అతనికి తెలిసింది, తాను ఏడుస్తున్నాడని.

అహల్య మేడంకు చావు కబురని అర్థమైంది. గ్లాసుతో నీళ్ళిచ్చి, తల మీద చెయ్యి వేసింది. "పో కొడకా, పో. పదకొండు దినాలకు లీవు నేనే రాస్త. సార్‌కు నేన్ జెప్త, ఫికర్ జెయ్యకు." ఆ చేతి కింద నిలబడటం అతనివల్ల కాలేదు. ఇంకొకరికి రావలసిన ఓదార్పు అది.

స్టేషన్ రోడ్డు వెంట పరుగెత్తాడు. లాడ్జి మెట్లు మూడంతస్తులూ ఆగకుండా ఎక్కాడు. చివరి గదిలో రత్నాకర్ దుప్పటి మడుస్తున్నాడు.

"ఏందిరా, క్లాసు ఎగ్గొట్టినవా? మరి నా హాజరు ఎవడు పలుకుతడు, మీ తాతనా?"

దారిపొడుగునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. "జమునక్క ఫోన్ జేసింది. నాయిన పోయిండట."

కింద రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి.

"నీకెందుకు జేసింది?"

"నాకు గాదు, కాలేజికి జేసింది. నిన్నే పిలిచిన్రు. నేను పోయి మాట్లాడిన."

రత్నాకర్ మంచం అంచున కూర్చున్నాడు. "నేనేమన్న?"

"ఔ అన్నవ్. వస్తున్నక్కా అన్నవ్."

"ఏడ్సిన్నా?"

"ఏడ్సినవ్."

మెట్లు దిగుతూ సారు చూసిన సంగతీ, లీవు సంగతీ విని, సొరుగులోంచి ఫోను తీసుకుని, కాచిగూడలో రైలు అందుకోవడానికి ఆటో ఎక్కబోతూ రత్నాకర్ ఆగాడు. "సారు నీ మొకం సూషిండు గదరా. నేను లీవుల ఉంటే నువ్వు క్లాసుకెట్ల పోతవ్? నువ్వే నేనైతివి."

"నా మొకం ఎవనికి యాదుంటది? నువ్వు పో, రైలు పోతది."

ఆటో వెళ్ళిపోయింది. పరశురాం తాను క్లాసుకు పోకూడని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పదో వేలి దగ్గర, పేరు కొట్టేసే రోజు దగ్గర, కాసేపు ఆగాడు. పదకొండుకు వేలు లేదు. నిజం చెబితే ఇద్దరూ పోతారు, చెప్పకపోతే తనొక్కడే. రేపు సారు పరశురాం అని పిలిస్తే పలకగలిగినవాడు కాచిగూడ దారిలో ఉన్నాడు.

మిగిలిన గదులు కానివ్వకపోతే రత్నాకర్ పడుకునే చోటు పోతుందని మళ్ళీ మెట్లెక్కాడు. చివరి గదిలో మంచం మీద సగం మడిచిన దుప్పటి పడి ఉంది, ఒక మూల మాత్రం రత్నాకర్ పిడికిట్లో గట్టిగా నలిగి, విప్పుకోకుండా అలాగే ముద్దగా ఉంది.