పదిమందిలో చదవాలి

హాలుకి తాళం వేసి ఉంది. బెంజ్ సర్కిల్ వెనక సందులో, స్వీటు షాపు పైన రెండో అంతస్తు. మెట్ల మీద ముప్ఫైమంది నిలబడి ఉన్నారు. సగంమంది చేనేత కాలనీ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్ళు, మిగిలినవాళ్ళు విజయవాడ కాలేజీల పిల్లలు. హాలు మేనేజరు ఫోను చూసుకుంటూ మాట్లాడుతున్నాడు.

"నాదేముందండీ, పైనుంచి ఫోనొచ్చింది. మీటింగు పెట్టనిస్తే లైసెన్సు సంగతి చూస్తామన్నారు."

"పైనుంచి అంటే ఎవరండీ?" అని అడిగింది మాణిక్యం.

"పైనుంచి అంటే పైనుంచేనమ్మా."

"కాగితం ఏమన్నా ఇచ్చారా?"

"ఫోనుకి కాగితం ఏముంటదమ్మా."

మాణిక్యానికి నలభై ఎనిమిదేళ్ళు. పదేళ్ళ వయసు నుంచి మగ్గం గుంటలో కూర్చున్న మనిషి. ఆమె తమ్ముడు జక్కయ్య పద్నాలుగు నెలలుగా జైల్లో ఉన్నాడు. చేనేత సొసైటీ రంగుల షెడ్డు ఉన్న స్థలాన్ని ప్రెసిడెంటు వెంకటసుబ్బారావు ప్లాట్లు వేసేవాళ్ళకి రాసిచ్చాడు. నూలుకి రంగు వేసే చోటు పోతే మగ్గాలు ఎట్లా ఆడతాయని జక్కయ్య నలభైమందిని కూడగట్టి పొక్లెయినుకి అడ్డం కూర్చున్నాడు. పొక్లెయినుతో పాటు వచ్చిన ఆఫీసరు మీద దాడి చేశాడని కేసు పెట్టారు. ఆ రోజు ఆఫీసరన్నవాడు కారు దిగనే లేదు. నలభైమంది చూశారు. నలభైమంది చూసినది ఎక్కడా సాక్ష్యం కింద పనికిరాలేదు.

జైల్లో జక్కయ్య రాయడం మొదలుపెట్టాడు. చార్జిషీటు కాగితాల వెనక ఖాళీ వైపున రాసి, వాయిదాకి వచ్చినప్పుడల్లా వకీలు చేతిలో పెట్టేవాడు. జైలువాళ్ళకి నచ్చని వార్తలున్న చోట కత్తిరించేసి, కిటికీలు పెట్టినట్టు లోపలికొచ్చే పేపరు గురించి రాశాడు. జైలు మగ్గాల గదిలో తన పక్కన కూర్చుని నేత నేర్చుకునేవాళ్ళ గురించి రాశాడు. బెయిలు వచ్చీ, జామీను ఉండేవాళ్ళు లేక ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోయినవాళ్ళ గురించి రాశాడు. వాళ్ళ వీధి అమ్మాయి శ్రీదుర్గ విజయవాడలో డిగ్రీ చదువుతోంది. ఆ కాగితాలన్నీ టైపు చేసి, స్నేహితుల్ని పోగేసి వంద కాపీలు పుస్తకంగా వేయించింది. ఇవాళ దాన్ని చదివే సభ.

సభకి అధ్యక్షత వహిస్తానన్న లెక్చరరు జ్యోతిర్మయి కారు దిగి, తాళం చూసి, శ్రీదుర్గ చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు వాతావరణం బాగోలేదు కదా శ్రీదుర్గా. కొన్నాళ్ళు ఆగండి. జైలు సాహిత్యం మీద నేనొక పేపరు రాస్తున్నాను, వచ్చే నెల సెమినార్లో చదువుతాను. అందులో జక్కయ్య గారి ప్రస్తావన తప్పకుండా ఉంటుంది."

"మేడమ్, సెమినారుకి మమ్మల్ని రానిస్తారా?" అంది మాణిక్యం.

"అది... రిజిస్ట్రేషన్ ఉంటుందండీ."

కారు వెళ్ళిపోయింది. మాణిక్యం ఒళ్ళు మండిపోయింది. ఎవర్ని తిట్టాలో తెలియని మంట అది. మేనేజరుని తిడితే ఫోను చూపిస్తాడు. ఫోను చేసినవాడు కనపడడు.

అందరి వెనకా గోడకి ఆనుకుని తెరేసమ్మ నిలబడి ఉంది. చల్లపల్లి అవతల పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. రొయ్యల చెరువుల మీద కూలి చేస్తుంది. ఆమె కొడుకు ఆరోన్ చెరువుల దగ్గర కూలి పెంచమని పదిమందిని నిలబెట్టాడు. ఆ వారంలోనే చెరువు ఆసామి తన మోటారు పోయిందని, ఆరోన్ ఎత్తుకుపోయాడని కేసు పెట్టాడు. జక్కయ్య ఉన్న జైల్లోనే మూడేళ్ళుగా ఉన్నాడు. బెయిలు వచ్చినా ఆసామికి భయపడి జామీనుకి ఎవరూ రాలేదు. జక్కయ్య పుస్తకంలో ఆరోన్ గురించి ఒక భాగం ఉంది.

కాలనీ మీదుగా పోయే తిరుగు బస్సులో శ్రీదుర్గ ఆమె పక్కన కూర్చుంది.

"ఆరోన్ గురించి రాసింది మీకు చదివి వినిపిస్తాను పిన్నీ."

"వద్దమ్మా. నాకొక్కదానికీ చదవమాక."

"మీ అబ్బాయి గురించే కదా."

"చెరువుగట్టున పదిమందిలో నిలబెట్టి దొంగ అన్నారు నా కొడుకుని. చర్చిలో నా పక్కన కూచునేవాళ్ళు జరిగి కూచున్నారు. చదివితే పదిమందిలో చదవాలి. అప్పటిదాకా నేను వినను."

శ్రీదుర్గ పుస్తకం మూసేసింది. వెనక సీట్లో మాణిక్యం ఇది వింది.

ఆ వారం కాలనీలో మీటింగు పెట్టారు. వీధి చివర, నూలు ఆరబెట్టే చోట. వాదనలు పెరిగాయి. వెంకటసుబ్బారావు మనిషిని పంపి ముందే చెప్పించాడు. పుస్తకం చదివే ఇంటికి పడుగు నూలు ఇవ్వనన్నాడు. నూలు ఆయన దగ్గర్నుంచే రావాలి, నేసిన చీర ఆయన దగ్గరికే పోవాలి.

"చదివితే జక్కయ్య బయటికొస్తాడా?" అన్నాడు సాయిగణేష్. ఇద్దరు పిల్లల తండ్రి, వీధిలో అందరికంటే సన్నగా నేసే చెయ్యి. "పడుగు ఆగిపోతే నా ఇంట్లో పొయ్యి ఆగిపోద్ది. మీరు పుస్తకం పెడతారా పొయ్యి మీద?"

"నువ్వన్నది నిజమే," అంది మాణిక్యం. "పద్నాలుగు నెలలు నేనూ అదే అనుకుని నోరు మూసుకున్నా. షెడ్డు పోయింది. మనం నోరు మూసుకున్నామని షెడ్డు ఏమన్నా తిరిగొచ్చిందా?"

"రాలేదు."

"ఇప్పుడు పుస్తకం చదవద్దంటన్నాడు. రేపు పేపరు చదవద్దంటాడు. వాడికంత భయమేంటో, అందులో ఏముందో వినాలని నీకు లేదా?"

సాయిగణేష్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. కానీ లేచి వెళ్ళిపోలేదు.

"ఒక్క ఇంట్లో చదివితే ఒక్క ఇంటికి పడుగు ఆపుతాడు," అంది శ్రీదుర్గ. "వీధి మొత్తం ఒకచోట చదివితే ఎన్ని మగ్గాలు ఆపుతాడు? ఆయన చీరలు ఎవరు నేస్తారు?"

ఆ మాట మీద గంటసేపు కొట్లాడుకున్నారు. చివరికి ఆదివారం మధ్యాహ్నం, మాణిక్యం మగ్గాల పాకలో, అందరూ వచ్చి వినాలని తేలింది.

ఆదివారం పాక నిండిపోయి జనం వీధిలోకి వచ్చారు. తెరేసమ్మతో పాటు పల్లె నుంచి చెరువు కూలీలు పదిమంది దాకా వచ్చారు. నేతగాళ్ళ వీధిలోకి వాళ్ళు పని మీద తప్ప ఎప్పుడూ వచ్చినవాళ్ళు కాదు. మొదట గుమ్మం బయటే నిలబడ్డారు. మాణిక్యం వెళ్ళి అమలమ్మ అనే కూలి మనిషిని భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకొచ్చి మగ్గం పక్కన కూర్చోబెట్టింది. తర్వాత మిగతావాళ్ళూ వచ్చారు.

శ్రీదుర్గ మొదటి నాలుగు పేజీలు చదివేసరికి జీపు వచ్చింది. ఎస్సై లోపలికి రాలేదు. ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి పుస్తకాల కట్టలు ఎత్తుకున్నారు, శ్రీదుర్గ చేతిలోది కూడా లాక్కున్నారు. ఏమిటని అడిగితే "పరిశీలనకి" అన్నారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. తెరేసమ్మ కొడుకు మాట మళ్ళీ మిగిలిపోయింది.

 మాణిక్యం లేచింది.

"మన ఇంట్లో చెంబు పోతే స్టేషనుకి పోతాం కదా. పుస్తకాలు పోయినయ్యి. పదండి."

స్టేషను గేటు దగ్గరికి చేరేసరికి డెబ్బైమంది అయ్యారు. మాణిక్యాన్నీ, శ్రీదుర్గనీ, తెరేసమ్మనీ మాత్రం లోపలికి రానిచ్చారు. ఎస్సై బల్ల మీద పుస్తకాల కట్టలున్నాయి.

"నిషేధించిన పుస్తకమైతే ఆ ఆర్డరు చూపించండి సార్," అంది శ్రీదుర్గ.

"ఆర్డరేం లేదు. చెప్పాగా, పరిశీలన."

"అయితే మా పుస్తకాలు మాకిచ్చెయ్యండి," అంది మాణిక్యం. "ఇవ్వకపోతే ఎన్ని తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, ఏ పేజీలో తప్పుందీ రాసి సంతకం పెట్టివ్వండి. అది తీసుకుని పోతాం."

ఎస్సై కిటికీలోంచి గేటు వైపు చూశాడు. జనం ఇంకా వస్తున్నారు. విసుగ్గా రైటరుని పిలిచాడు. స్టేషన్లో రాతపని చూసే కానిస్టేబులు అతను, యాభై దాటిన మనిషి.

"రాసివ్వవయ్యా, గొడవ వదిలిపోద్ది. నలభై ఒకటో పేజీ అని చెప్పారు ఫోన్లో. అక్కడేముందో చదివి, అభ్యంతరకరం అని రాయి."

రైటరు కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరిచాడు. రోజూ ఫిర్యాదులు చదివే గొంతుతో పైకే చదివాడు.

"ఆరోన్‌కి పలక లేదు. మగ్గాల గది గచ్చు మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించాను. నాలుగు నెలలకి, నీ అంతట నువ్వు ఏమన్నా రాయరా అన్నాను. ఎవరైనా ముందు తమ పేరు రాసుకుంటారు. వాడు 'మోటారు నేను తియ్యలేదు' అని రాశాడు. దాని కింద 'ఆ రోజు గట్టు మీద ఎవరి జీపు ఉందో మా కూలోళ్ళకి తెలుసు' అని రాశాడు. సాయంత్రం వార్డరు నీళ్ళు కొట్టించి గచ్చు కడిగించాడు. పొద్దున్నే వాడు మళ్ళీ అదే రాశాడు."

 తెరేసమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఇంకోసారి చదవండి బాబూ."

"చాలు," అన్నాడు ఎస్సై. పుస్తకం లాక్కున్నాడు.

తెరేసమ్మ అతని వైపు చూడలేదు. వరండాలోకి వచ్చి గేటు దగ్గరున్న జనానికి చెప్పింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు.

"మోటారు నేను తియ్యలేదు అని రాశాడంట నా కొడుకు. కడిగేస్తే మళ్ళీ రాశాడంట. గట్టు మీద జీపు ఎవరిదో మన కూలోళ్ళకి తెలుసని కూడా రాశాడంట."

చెరువు కూలీలు తలలు వంచుకున్నారు. మూడేళ్ళుగా వాళ్ళు ఆ తల్లిని దారిలో చూస్తే పక్కకి తిరిగినవాళ్ళే. కాసేపటికి అమలమ్మ గేటు తోసుకుని లోపలికొచ్చింది.

"జీపు నేను చూశాను. రాసుకోండి."

"ఎవరు నువ్వు? పో బయటికి," అన్నాడు ఎస్సై.

"చెరువులో మేత చల్లుతా. ఆ రోజు గట్టు మీదే ఉన్నా. మోటారు ఎత్తి ఆసామి జీపులోనే పెట్టారు. భయపడి చెప్పలా."

"నేనూ చూశా," అన్నాడు ఆమె వెనక ఇంకో కూలి మనిషి. అతని వెనక సాయిగణేష్ నిలబడ్డాడు. "నేను ఆఫీసరు కారు దిగకపోవడం చూశా. అదీ రాయండి."

ఎస్సై రాయనివ్వలేదు. వెళ్ళమన్నాడు. ఎవరూ వెళ్ళలేదు. చీకటి పడకముందే వ్యాను తెప్పించి, గుమిగూడారని కేసు కట్టి, పదమూడుమందిని ఎక్కించారు. పుస్తకాలు తిరిగి ఇవ్వలేదు, కాగితమూ ఇవ్వలేదు. జక్కయ్య బయటికి రాలేదు. వ్యానులో మాణిక్యం పళ్ళు బిగపట్టుకుని కూర్చుంది. ఇంత తిరిగీ చేతికి ఒక్క ముక్క రాలేదన్న కసి ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు. పక్కన తెరేసమ్మ మాత్రం కొడుకు రాసిన మాటలు ఒకటికి రెండుసార్లు మెల్లగా అనుకుంటోంది.

మర్నాడు కాలనీలో ఒక్క మగ్గమూ ఆడలేదు. వెంకటసుబ్బారావు మనిషి నూలు మూటతో వీధంతా తిరిగి, తీసుకునేవాళ్ళు లేక మూటతోనే వెనక్కి పోయాడు. కోర్టు ఆవరణలో నేతగాళ్ళూ కూలీలూ కలిసి కూర్చున్నారు. ఆరోన్‌కి జామీను ఉంటామని ఇద్దరు నేతగాళ్ళు ఇంటి పన్ను రసీదులు పట్టుకుని వకీలు చుట్టూ తిరుగుతున్నారు.

పదమూడుమందినీ మెజిస్ట్రేటు ముందు వరసగా నిలబెట్టారు. పోలీసులు ఏమన్నా ఇబ్బంది పెట్టారా అని ఆయన ఒక్కొక్కరినే అడిగాడు. అమలమ్మ వంతు వచ్చింది. ఆమె ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. మూడేళ్ళుగా ఎవరికీ చెప్పని జీపు నంబరు, ఒక్కో అంకె విడివిడిగా, కోర్టు గదిలో అందరికీ వినపడేట్టు చెప్పింది.