పక్క సర్వే నంబరు

తృప్తి వాళ్ళ నాయిన అంజయ్యది తూంకుంటలో ప్లాట్ల వ్యాపారం. కొనాలనుకున్న భూమి గురించి ఆయన ఎన్నడూ అడగడు. దాని పక్క సర్వే నంబరు ధర అడుగుతాడు. మనసులో మాట బయటపడితే ఇంకొకడు ముందే బయానా ఇచ్చేస్తాడని ఆయన భయం. ఆ ఇంటి పిల్లలకు ఈ విద్య ఉగ్గుపాలతోనే అబ్బింది.

రెండు వేల మూడులో తృప్తీ నేనూ శామీర్‌పేట దగ్గరి యూనివర్సిటీలో ఎం.ఫిల్‌లో చేరాం. లైబ్రేరియన్ జానకీదేవి గారు "మీ అంశమేమిటమ్మా?" అని అడగగానే తృప్తి తడుముకోకుండా అబద్ధమాడింది. "కీసర గుడి మాన్యాలు, మేడం."

అసలు అంశం చెరువు శిఖం భూములు. నీళ్ళు తగ్గితే బయటపడే ఆ నేల మీద హక్కు ఎవరిదన్నది.

"ఎందుకే ఆ అబద్ధం?" అన్నాను బయటికొచ్చాక.

"నీకు తెల్వదు అనూహ్యా. గామె అందరితోని మంచిగుంటది. గసొంటోళ్ళనే నమ్మొద్దు. నా టాపిక్ బయటవడ్డదనుకో, ఇగ ఖతమే."

నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే. మా మచ్చ బొల్లారం కాలనీలో ఎవరింట్లో ఏం కూరో కూడా అందరికీ తెలుసు.

పాపం జానకీదేవి గారు నిజమే అనుకున్నారు. పాత నివేదికలు ఎక్కడ దొరుకుతాయో, ఏ మాట కొడితే కంప్యూటర్ ఏం చూపిస్తుందో, ఎవరి మాట ఎక్కణ్ణించి తీసుకున్నామో ఎలా రాసుకోవాలో, అన్నీ కీసర మీదే నేర్పించారు. తృప్తి బుద్ధిగా తలూపేది. ఆవిడ అటు తిరగగానే అదే పద్ధతిలో శిఖం భూములు వెతుక్కునేది. ఎవరైనా దగ్గరికొస్తే పుస్తకం బోర్లించేది, నేనొచ్చినా సరే. మా యూనివర్సిటీలో ఆ అంశం మీద ఎవరూ పని చేయలేదని తేలాక ధీమా పెరిగింది. బయటి యూనివర్సిటీల సంగతి తెలియాలంటే జానకీదేవి గారే రాసి కనుక్కోవాలి. ఆవిణ్ణి అడగాలంటే నిజం చెప్పాలి. తృప్తి అడగలేదు.

అంశం ఖరారు చేసే రోజున కమిటీలో ఒక ప్రొఫెసర్ అన్నారు: "ఇది మరో యూనివర్సిటీలో రెండేళ్ళ కిందటే అయిపోయిందమ్మా. వారంలో కొత్త అంశం తేకపోతే సీటు పోతుంది." సీటు పోతే తృప్తి చదువు మానేసి నాయిన ఆఫీసులో కూర్చుని ప్లాట్లు అమ్మాలి. చేరేముందే అంజయ్య పెట్టిన షరతు అది.

తృప్తి ఏడుస్తూ తిన్నగా లైబ్రరీకి పోయింది. "శిఖం భూముల మీద ఎవలో చేసేసిన్రట! తెలిసి గూడ నాకెందుకు చెప్పలేదు మేడం?"

"శిఖం భూములా?" జానకీదేవి గారు తెల్లబోయారు. "మీది కీసర కదమ్మా?"

తృప్తి నేల చూపులు చూసింది. ఆవిడకు అర్థమైంది. ఆ మొహం చిన్నబోవడం చూసి, తప్పు నాది కాకపోయినా సిగ్గుతో చచ్చిపోయాను.

"కీసర మాన్యాల మీద ఎవరూ చేయలేదు," అన్నారావిడ. "బయటి యూనివర్సిటీలన్నిటికీ రాసి కనుక్కున్నాను. ఇవాళ చెబుదామనుకున్నాను."

తృప్తి కళ్ళు తుడుచుకుని ఆవిణ్ణి అనుమానంగా చూసింది. "గిన్నేండ్లు ఎవ్వలు ముట్టలేదంటే, అండ్ల ఏదో లిటిగేషన్ ఉన్నట్టే."

జానకీదేవి గారు నవ్వలేదు. "అయితే నా మాట నమ్మకండి. మీరే వెతికి చూసుకోండి. ఇన్నాళ్ళూ మీకు నేర్పింది అదే కదా."

తృప్తి సాయంత్రం దాకా వెతికింది. నేను పక్కన కూర్చున్నా పుస్తకం బోర్లించలేదు. చివరికి లేచి, "మేడం, కీసర గురించి ఇంకేమన్న ఉన్నయా?" అని హాలంతా వినబడేలా అడిగింది.