చూద్దాం అంటే ఏం చూద్దామని?

పరిశోధన సంస్థలో ఆయన ఉద్యోగం పేరు పరిశ్రమల సంబంధాల అధికారి. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు చెప్పండి? కాంటీన్ దగ్గర్నించి డైరెక్టర్ గది దాకా అందరూ ఆయన్ని పెళ్లిపెద్ద అనే అంటారు. పని కూడా అదే మరి. పై అంతస్తులో శాస్త్రజ్ఞులూ వాళ్ల పరికరాలూ. కింది అంతస్తులో వరసగా గదులు, గదికో కొత్త కంపెనీ. ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు. గదిలో పుట్టిన వస్తువుని ఫ్యాక్టరీ గుమ్మం దాకా తీసుకెళ్లి, వాళ్లకీ వీళ్లకీ మాట కలిపి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించడం ఆయన పని.

ఆ పనిలో ఆయనకి ఒక విద్య అబ్బింది, దాని మీద బోలెడు గర్వం కూడా. ఫ్యాక్టరీవాళ్లు పైకి ఒకటంటే లోపల ఏమనుకుంటున్నారో ఇట్టే చెప్పేస్తాడు. 'మావాళ్లతో మాట్లాడి చెప్తాం' అంటే ఎవరితోనూ మాట్లాడరు. 'చాలా బావుంది' అంటే వాళ్లకి అక్కర్లేదు. 'ఇందులో ఇబ్బందేంటంటే' అని నసిగారా, ఆశ ఉన్నట్టే. ఇక 'చూద్దాం' అన్నారో, ఆ సంబంధం తప్పిపోయినట్టే, కాఫీలు తాగి లేవడమే. కొత్తగా గదిలో చేరిన ప్రతివాళ్లనీ ఎదురుగా కూచోబెట్టుకుని ముందుగా ఈ పాఠమే చెప్తాడు. వాళ్లూ బుద్ధిగా తలూపుతారు.

సీసాల పిల్ల కూడా తలూపింది. ఆ అమ్మాయి గది కారిడార్ చివర, జనరేటర్ రొద పక్కన. లోపల అడుగు పెట్టడానికి లేకుండా ఖాళీ గాజుసీసాలు, అందుకే ఆ పేరు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, సరిగ్గా ఆ పనే చేసే యంత్రం తయారుచేసింది. సీసాలు బెల్టు మీద వరసగా వస్తుంటే చిన్న సుత్తి ఒక్కోదాన్నీ టంగున తడుతుంది. పక్కనున్న మైకు ఆ చప్పుడు విని, కంటికి కనపడని బీట ఉన్న సీసాని బయటికి నెట్టించేస్తుంది. జనరేటర్ రొదలోంచి సీసా చప్పుడుని విడదీయడం ఎలాగో పైఅంతస్తువాళ్లు నేర్పారు. గదీ కరెంటూ సంస్థ ఇచ్చింది. యంత్రం బ్రహ్మాండంగా తయారైంది. దాన్ని పెట్టుకునే ఫ్యాక్టరీయే దొరకలేదు.

గడువేమో నెత్తి మీదికొచ్చింది. నెలాఖరులోగా ఏ ఫ్యాక్టరీ అయినా తమ లైన్ మీద పెట్టి చూస్తామని ముందుకొస్తే గది ఇంకో ఏడాది ఉంటుంది. లేకపోతే ఖాళీ చెయ్యాలి, అందులోకి బ్యాటరీల కుర్రాళ్లు దిగుతారు. బెల్టూ మోటారూ సంస్థవి. అవి లేకుండా ఇంటికి పట్టుకుపోతే మిగిలేది ఒట్టి సుత్తీ మైకూ. పైగా వేరే ఊళ్లో గాజు కంపెనీలో ఉద్యోగం ఒకటి వాళ్ల అన్నయ్య చూసి పెట్టాడు. "ఇంకా ఎన్నాళ్లు మోగించుకుంటావే ఆ సీసాలు" అని ఫోన్లో ఒకటే పోరు. ఆ ఉద్యోగంలో చేరిందంటే యంత్రం అటకెక్కినట్టే.

అలాంటి సమయంలో పళ్లరసాల ఫ్యాక్టరీ మేనేజర్ని పట్టుకొచ్చాడు పెళ్లిపెద్ద. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు ఆ మేనేజరు. చేతులు వెనక్కి కట్టుకుని బెల్టు ముందు నిలబడ్డాడు. సుత్తి టంగు టంగుమంటోంది, బీట సీసాలు పక్కకి పోతున్నాయి, ఆయన ముఖంలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. చివరికి, "తడిసీసా అయితే?" అని ఒక్కమాట అడిగాడు.

"చప్పుడు మారుతుంది సార్. దానికి తగ్గట్టు సర్దుకుంటుంది" అంది సీసాల పిల్ల.

"సరే. చూద్దాం" అన్నాడు మేనేజరు. అని, తెప్పించిన కాఫీ ముట్టకుండా వెళ్లి కారెక్కాడు.

కారు గేటు దాటిందో లేదో పెళ్లిపెద్ద నిట్టూర్చాడు. "పోయిందమ్మా."

"చూద్దాం అన్నారు కదా సార్?"

"అదే నేనూ చెప్తున్నా. చూద్దాం అన్నాడు, కాఫీ కూడా తాగలేదు. ఇంకేం కావాలి?"

"ఓసారి ఫోన్ చేసి అడిగితే?"

"వద్దు తల్లీ, చులకనైపోతావు. ఈ చూద్దాంలు వినీ వినీ నా జుట్టు నెరిసింది. నా మాట విను."

పెద్దాయన, అందులోనూ తన మంచి కోరేవాడు. నమ్మక ఏం చేస్తుంది? ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. వెళ్లి మోటారు ఆపేసింది. వారం తిరక్కుండానే అన్నయ్య చూసిన ఉద్యోగంలో చేరతానని చెప్పేసి, ఆ సంగతి పెళ్లిపెద్దకీ చెప్పింది. "మంచి పని చేశావు" అన్నాడాయన. అన్నాడే గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి వంటింట్లో కుళాయి కారుతోంది. చాలా రోజుల్నించి కారుతూనే ఉంది లెండి.

"ఏవండీ, ఎవర్నైనా పిలుస్తారా దీనికి?" అంది భార్య.

"చూద్దాం" అన్నాడు చొక్కా విప్పుకుంటూ.

ఆవిడ తిన్నగా ఫోన్ తీసి ప్లంబర్‌కి చేసింది. రేపు పొద్దున్నే రమ్మంది.

"అదేంటి, చూద్దాం అన్నాగా?"

"అన్నారు కాబట్టే పిలిచా. మీరు చూద్దాం అంటే ఈ జన్మకి కాదని నాకు తెలీదూ?"

పెళ్లిపెద్దకి నవ్వొచ్చింది. నవ్వొక్కటే కాదు, తన సిద్ధాంతానికి ఇంట్లోనే సాక్ష్యం దొరికిందని హుషారు కూడా వచ్చింది. మేనేజరు రావడం, ఒక్క ముక్క మాట్లాడి పోవడం, ఆ మాటలోని గుట్టు తను క్షణంలో పసిగట్టడం, ఫోన్ చేస్తానన్న పిల్లని ఆపడం, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "చూశావా, ఫ్యాక్టరీవాళ్లూ అంతే!"

ఆవిడ నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ, "ఆయన కూడా మీలాంటివాడేనని మీకెవరు చెప్పారు?" అంది.

"ఎవరు చెప్పాలి? లోకం తీరే అంత."

"లోకం తీరు కాదు, మీ తీరు. మా నాన్న చూద్దాం అన్నాడంటే ఆ వెంటనే చెప్పులేసుకునేవాడు. చూడ్డానికి బయల్దేరదాం అనే ఆయన అర్థం. మీ నోట పడ్డాకే ఆ మాటకి ఈ గతి పట్టింది. పాపం ఆ పిల్లని ఫోన్ కూడా చెయ్యనివ్వలేదా?"

"అది కాదూ..." అని మొదలుపెట్టాడు గానీ, ఏది కాదో ఆయనకే తెలీలేదు. కుళాయి టప్ టప్ మంటూనే ఉంది.

మర్నాడు ఆఫీసులో తలుపు దగ్గరగా వేసుకుని మేనేజరుకి ఫోన్ చేశాడు. వేరే ఏదో పనున్నట్టు మాట ఎత్తుకున్నాడు. అవతలాయన మధ్యలోనే ఆపేశాడు.

"మీ సీసాల అమ్మాయి ఏమైందండీ? ఉలకదు పలకదు?"

"మీరు... చూద్దాం అన్నారు కదండీ..."

"అన్నానుగా! మా లైన్ మీద పెట్టి చూద్దాం అని. తిన్నగా వచ్చి లైన్ పక్కన చోటు ఖాళీ చేయించాను. బీట సీసాలు విడిగా ఏరి పెట్టించాను. తడివి కూడా. ఎదురుచూసి చూసి, ఆవిడకి ఇష్టం లేదేమో అనుకున్నా. రేపు వేరే కంపెనీవాళ్లు వస్తున్నారు, వాళ్ల యంత్రం పట్టుకుని."

పెళ్లిపెద్ద కుర్చీలోంచి లేచిపోయాడు. "ఇవాళ తీసుకొస్తే చూస్తారా?" అన్నాడు.

"సాయంత్రం షిఫ్ట్ మొదలయ్యేలోగా వస్తే చూద్దాం" అన్నాడు మేనేజరు. అని, ఒక్క క్షణం ఆగి, "అదే, చూస్తాను" అన్నాడు.

కారిడార్‌లో ఆయన నడిచాడో పరిగెత్తాడో ఆయనకే తెలీదు. సీసాల పిల్ల గది తలుపు బార్లా తీసి ఉంది. సీసాలు బస్తాల్లోకి ఎక్కేశాయి. సుత్తి ఒక పెట్టెలో, మైకు ఇంకో పెట్టెలో. ఆ అమ్మాయి కింద కూచుని వైర్లు చుడుతోంది.

"పప్పులో కాలేశానమ్మా" అన్నాడు గుమ్మంలోంచే. "ఆయన నిజంగానే చూద్దాం అన్నాడు. చోటు సిద్ధం చేసి కూచున్నాడు ఇన్నాళ్లూ. నేనే..."

ఆ అమ్మాయి చేతుల్లో వైరు ఆగిపోయింది. మెల్లిగా లేచింది. ముఖం ఎర్రబడిపోయింది.

"ఫోన్ చేస్తానన్నాను కదా సార్! ఒక్క ఫోన్! చులకనైపోతావన్నారు. మీరన్నారనే ఊరుకున్నాను. అన్నయ్యకి సరేనన్నాను, వాళ్లకి వస్తానన్నాను, ఇదంతా నా చేతులతో నేనే విప్పుకున్నాను." చేతిలో వైరు పెట్టె మీదికి విసిరేసింది. "అంత గట్టిగా ఎలా చెప్పారు సార్, తెలీకుండా?"

ఏ సంబంధం చెడినా ఇరువైపులకీ సర్దిచెప్పగల పెద్దమనిషి, తలొంచుకు నిలబడ్డాడు. ఆయనకి సిగ్గేసింది. "నా మాట అలా ఉంటుంది కాబట్టి అందరి మాటా అంతే అనుకున్నాను. తప్పు నాది. గది మాట, గదులిచ్చే కమిటీతో నేను చెప్పుకుంటాను. అది తర్వాత. ముందు ఇది చెప్పు. సాయంత్రంలోగా వాళ్ల లైన్ మీద బిగించి చూపించాలి. అవుతుందా?"

ఆ అమ్మాయి పెట్టెల వంక చూసింది.

"చూద్దాం" అంది.

అలవాటుగా అర్థం పెళ్లిపెద్ద నాలుక చివరిదాకా వచ్చేసింది, మింగేశాడు. ఇన్నేళ్లలో ఎవరినీ అడగని ప్రశ్న అప్పుడు అడిగాడు.

"అంటే ఏంటమ్మా?"

"అంటే, ఆ స్క్రూడ్రైవర్ ఇలా అందుకోండి సార్. అన్నయ్యకి దార్లో ఫోన్ చేసి చెప్పుకుంటాను."

ఆయన స్క్రూడ్రైవర్ అందించి, ప్యాంటు నలుగుతుందని కూడా చూసుకోకుండా కింద కూచుని, సుత్తి ఉన్న పెట్టె విప్పడం మొదలుపెట్టాడు.