జానెడెత్తున రాలిన సున్నం

ఏసుమణికి దొంగలంటే భయం లేదు. దయ్యాలంటే అసలే లేదు. ఆమె భయమంతా ఒక్కటే. రైలింజను మీద పనిచేసే భర్త హెబ్రోను రెండేసి రోజులు ఇల్లు చేరని సమయంలో తాను కళ్ళు తిరిగి పడిపోతే, ఉయ్యాలలోని ఐదు నెలల పసిది గుక్కపట్టి ఏడ్చినా, ఆ ఏడుపు విని కూడా ఎవరూ రారేమోనని. ఆరో క్లాసుతో బడి మానేసిన దానికి ఇంతకంటే తెలివైన భయం ఎక్కడినుంచి వస్తుందని హెబ్రోను నవ్వేవాడు.

బిట్రగుంట రైల్వే కాలనీ వెలుపల వరుసగా కట్టిన పెంకుటిళ్ళలో వాళ్ళదొకటి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. గోడకవతల జమాల్‌బీ ఉండేది. ఒంటిమనిషి. బొంతలు కుట్టి బతికేది. పందొమ్మిది వందల అరవై రెండు రంజాను నెలలో, ప్రతి సాయంత్రం రోజా ఉపవాసం విడిచే వేళకు గంజి కాచి, మొదటి గిన్నె పెరటి గోడ మీదుగా ఏసుమణికే అందించేది.

"పాలిచ్చే తల్లివి, తాగు బిడ్డా" అనేది.

ఒక మంగళవారం పొద్దున పాలు పోసే చెంగయ్యతో జమాల్‌బీకి పోట్లాట వచ్చింది.

"ఏంది చెంగయ్యా, ఇయ్యి పాలా, చెరువు నీళ్ళా? చేపలు గూడా పోస్తావా?"

"నోరు పారేసుకోబాకు ముసల్దానా, నీ అంతు చూస్తా!"

ఆ మాట వీధంతా విన్నది. మధ్యాహ్నం బండికి చెంగయ్య చుట్టాల పెళ్ళికని దొరవారిసత్రం వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గంజి రాలేదు. గంజికి బియ్యం రోట్లో దంచే చప్పుడుకు పసిది నిద్రపోవడం లేదని, "కొంచెం మెల్లగా దంచుకోకూడదా అవ్వా" అని ముందురోజు తానన్న మాట ఏసుమణికి గుర్తుకొచ్చింది. అవ్వ అలిగింది కాబోలు అనుకున్నది. పిలవబోయి మానుకున్నది. అలిగినవాళ్ళే ముందు మాట్లాడాలి కదా!

మరునాడు బుధవారం. వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ దేవుని పేరిట పిడికెడు బియ్యం తీసి కుండలో వేస్తారు. బుధవారం మధ్యాహ్నం బైబిలు చెప్పే సామ్రాజ్యం వచ్చి ఆ బియ్యం కట్టుకొని, ప్రార్థన చేసి పోతుంది. ఆనాడూ వచ్చింది. ఇద్దరూ కూర్చోగానే గోడకవతల దడ్, దడ్ మని చప్పుడు.

"ఏందే ఆ గోల?"

"అవ్వ దంచతా ఉన్నాదక్కా. నా మీద కోపం. కావాలనే గోడ పక్కన కూర్చున్నాది."

"రోజా ఉండి గూడా ఎంత బలమే ముసల్దానికి!" అని సామ్రాజ్యం నవ్వింది.

చప్పుడు వినపడకుండా గొంతు పెంచి పాట పాడుకున్నారు. రోగులనూ దిక్కులేనివాళ్ళనూ తలచుకొని ప్రార్థించారు. ఆమెన్ అనేటప్పటికి చప్పుడు ఆగిపోయింది.

శుక్రవారం బొంత కోసం వచ్చిన మనిషి పెరటి తలుపు తోసి చూసి కేక వేశాడు. జమాల్‌బీ తల పగిలి, నేల మీద చనిపోయి ఉన్నది. పక్కన నెత్తురంటిన రోటి పొత్రం. పెళ్ళి చూసుకొని బండి దిగిన చెంగయ్యకు స్టేషనులోనే బేడీలు పడ్డాయి. మంగళవారం పొద్దున కొట్టి చంపి పారిపోయాడన్నారు.

పోలీసులు పంచనామా రాసి, సాక్షులకు చదివి వినిపిస్తుంటే ఏసుమణి గుమ్మం దగ్గర నిలబడి విన్నది. "పడమటి గోడకు నేలనుంచి జానెడెత్తున సున్నం రాలి ఉన్నది." పడమటి గోడ అంటే తమ గోడే. దంచేది రోట్లో కదా, గోడను ఎవరు దంచుతారు? అంత కిందుగా కొట్టేదెవరు? నేలమీద పడి లేవలేనివాళ్ళు. ఏసుమణి ఇంట్లోకి వచ్చి, తమవైపు గోడకు నేలనుంచి జాన కొలిచి చూసింది.

పోట్లాట విన్నదని ఏసుమణికి కోర్టు సమన్లు వచ్చాయి.

"గమ్మునుండు" అన్నది సామ్రాజ్యం. "అడగనిది చెప్పకపోతే అబద్ధం గాదు. విని గూడా పోలేదంటే ఊరు మన మొఖాన ఉమ్మేస్తాది."

హెబ్రోను "చెంగయ్యను ఉరి తీస్తే ఆ చప్పుడు నీకు ఆగిపోతాదా?" అని మాత్రం అడిగాడు.

నెల్లూరు సెషన్సు కోర్టులో సర్కారు వకీలు పోట్లాట గురించి అడిగాడు. ఉన్నది ఉన్నట్లు చెప్పింది. దిగిపొమ్మన్నారు. ఆమె దిగలేదు.

"అయ్యా, ఇంకో మాట ఉంది. అవ్వ మంగళారం చావలేదు. బుధవారం మధ్యాహ్నం దాకా బతికే ఉన్నాది. గోడ కొట్టింది. నేను విన్నా. విని పోలేదు."

"బుధవారమేనని ఎట్లా చెప్తావు?"

"పిడికెడు బియ్యం ఇచ్చే రోజయ్యా అది."

"దంచే చప్పుడేమో?" అన్నాడు వకీలు.

"దంచితే గోడకు జానెడెత్తున సున్నం రాలదు గదయ్యా!"

జడ్జిగారు పంచనామా తెప్పించి ఆ వాక్యం రెండుసార్లు చదివారు. పసిదాన్ని ఎత్తుకొని వరండాలో నిలబడి ఉన్న సామ్రాజ్యం ఇక ఆగలేకపోయింది. "నేను గూడా విన్నానయ్యా" అంటూ లోపలికి వచ్చింది. శవపరీక్ష చేసిన డాక్టరును మళ్ళీ పిలిపించారు. పొత్రంతో అంత బలంగా కొడితే మనిషి మరునాటిదాకా బతకదని, ఉపవాసంతో కళ్ళు తిరిగి రోటి అంచు మీద పడినా పైకి అట్లాంటి గాయమే కనిపిస్తుందని, గోడ కొట్టేందుకు నెత్తురు చేత్తో పట్టుకుంటే పొత్రానికి అంటుతుందని ఆయన ఒప్పుకున్నాడు.

చెంగయ్యను విడుదల చేస్తూ జడ్జిగారు అన్నారు: "ఇతడు హంతకుడు కాడు. అట్లాగని ఈ చావులో ఎవరి తప్పూ లేదని నేను రాయలేను. పది ఇళ్ళ మధ్య ఒక మనిషి పడిపోయి, తనకు చేతనైనట్లు పిలిచింది. ఎవరూ వెళ్ళలేదు. ఆ తప్పుకు చట్టంలో సెక్షను లేదు. దాన్ని మనుషులే దిద్దుకోవాలి."

బయట చెంగయ్య చేతులు జోడించాడు. "నువ్వు చెప్పకుంటే నా మెడకు తాడే గదక్కా!"

"నేను ఆపొద్దు పోయుంటే నీకు బేడీలే లేవు, చెంగయ్యా" అన్నది ఏసుమణి.

తన పసిదాని ఏడుపు విని ఎవరూ రారేమోనని భయపడిన తల్లి, పక్క గోడ పిలిస్తే తానే వెళ్ళలేదు. చదివే తల్లులారా, అక్కలారా, మీ ఇంటి పక్కనా ఒంటిగా బతికే మనిషి ఒకరు ఉండే ఉంటారు. రోజూ వచ్చే గిన్నె రాకపోతే అలకని సరిపెట్టుకోకండి. ఈ పుస్తకం పక్కన పెట్టి, ఇప్పుడే వెళ్ళి ఆ తలుపు తట్టి, పేరు పెట్టి పిలిచి, పలికిందాకా అక్కడే నిలబడండి.