రెండో వరసలో మత్సికో

…అది కాదు తల్లీ, కెబిరుంగీ, మొదట్నించీ తప్పంతా కతుంగిదే అని రాశావు చూడు, అది కొట్టెయ్. మొదటి తప్పు మీ చిన్నాన్నదే. ముందు అది రాయి, తర్వాత మిగతాది. తొందరేం లేదు, నేను మెల్లగానే చెబుతాను.

మీ చిన్నాన్న మత్సికో పశువుల డాక్టరు. మన రుషేరె ఊరి నుంచి పడమటి వైపు మేత బీళ్లన్నీ అతని చేతి కిందే ఉండేవి. డాక్టరన్నాక ఒకసారి పాసైపోతే సరిపోదు. ఏటేటా క్లాసులకు వెళ్లాలి, కొత్త రోగాలూ కొత్త మందులూ నేర్చుకోవాలి, హాజరు కాగితం మీద సంతకం పెట్టాలి. సంతకానికి ఇన్ని అని పాయింట్లు. అవి నిండితేనే లైసెన్సు మళ్లీ ఇస్తారు. లైసెన్సు లేని డాక్టరు ఆవు మీద చెయ్యేస్తే నేరం. ఆ క్లాసులేమో ఎంబరారా పట్నంలో, హోటలు హాల్లో, సరిగ్గా వానలు పడి బీళ్లలో పని మెడదాకా ఉన్న రోజుల్లో పెడతారు. పట్నంలో కూర్చుని రోజు ఖాయం చేసేవాడికి ఆవు ఎప్పుడు ఈనుతుందో ఏం తెలుసు?

కతుంగి కూడా డాక్టరే. ఇద్దరూ ఒకే ఏడు చదివారు, ఒకే గదిలో పడుకున్నారు. చదువు పూర్తయిన రోజున మత్సికో మన మందలోంచి ముదురు ఎరుపు పెయ్యనొకదాన్ని అతనికిచ్చాడు. అది పెరిగి ఈనితే, మొదటి ఆడదూడను కతుంగి తిరిగి పంపాడు. ఆవునిచ్చి ఆవును పుచ్చుకున్నాక ఒకరి మీద ఒకరు సాక్ష్యం చెప్పేది లేదు. మన పెద్దవాళ్లు అన్నదమ్ముల మీదైనా చెప్పారేమో గానీ, అలాంటి స్నేహితుడి మీద చెప్పలేదు.

కతుంగి ఎంబరారాలో ఇల్లు కట్టుకుని ఆ క్లాసులు జరిపించే పనిలో కుదురుకున్నాడు. మనిషి మాట తేనె. ఇక్కడ బీళ్లలో మత్సికోకి ఆవుల రక్తం పీల్చే పిడుదుల గొడవ పట్టుకుంది. అప్పటికి రెండేళ్లుగా పిడుదులు మందుకి చావడం మానేశాయి. మందు కొట్టిన మర్నాడే ఆవు చెవుల్లో ఆముదం గింజల్లా నిండి కనిపించేవి. కాపర్లు ఊరుకుంటారా, మందు ఘాటు పెంచారు. ఇంకా పెంచారు. ఆవుల కళ్లు మండాయి గానీ పిడుదులు చావలేదు. మత్సికో ఒక్కో ఆవు పక్కన గొంతుక్కూర్చుని, మందు కొట్టకముందు ఎన్ని, కొట్టిన మూడో రోజుకి ఎన్ని అని చెవిలోనూ తోక కిందా వేళ్లతో తడిమి లెక్కపెట్టేవాడు. నీలం అట్ట నోటుబుక్కులో రాసుకునేవాడు. రెండేళ్ల తర్వాత ఆఖరి పేజీలో ఒకే మాట రాశాడు: ఘాటు పెంచిన మందల్లోనే పిడుదులు మొండికెత్తాయి, మందు రకం మార్చాలి గానీ కొలత పెంచకూడదు.

టైపు చేయించి పెద్దాఫీసుకి పంపుతానని కతుంగి అంటే, మత్సికో ఆ నోటుబుక్కు తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాడు.

ఆ ఏడు క్లాసుకి ముందు రోజు మత్సికో రువబిత అనే కాపరి మందలో ఉన్నాడు. దూడ అడ్డం తిరిగింది. అతని కుడి చెయ్యి భుజం దాకా ఆవు లోపలుంది. రువబితే ఫోను పట్టుకుని అతని చెవి దగ్గర పెట్టాడు.

"ఒరేయ్ కతుంగీ, రేపు రాలేనురా. ఇక్కడ ఆవు ప్రాణం మీద ఉంది."

"రాకు. ఆవుని వదిలేసి వస్తే నేనే తంతాను. నీ సంతకం నేను గీకేస్తాలే."

"ఇది నాలుగోసారి రా."

"అయితే ఏం? నీ సంతకం నీకంటే నాకే బాగా వచ్చు. నువ్వు పెడితే కోడి గీరినట్టుంటుంది."

"నా నోటుబుక్కు ఏమైంది?"

"అవుతోంది, అవుతోంది. నువ్వు దూడ సంగతి చూసుకో."

రువబిత ఫోను తీసి జేబులో వేసుకుంటూ నవ్వాడు. "మీరు లేకుండానే మీరు చదువుకునే బడి బాగుందండీ డాక్టరుగారూ. చిన్నప్పుడు నాకు ఇలాంటిది దొరికుంటే ఈపాటికి మీకంటే పెద్ద డాక్టర్నయ్యేవాణ్ణి."

మత్సికో కూడా నవ్వాడు. దూడ బతికింది. బీళ్ల మీద తిరిగే డాక్టర్లందరూ ఒకరికొకరు అలా సంతకాలు పెట్టుకునేవాళ్లే. అది తప్పని ఎవరికీ అనిపించలేదు. మత్సికోకీ అనిపించలేదు. అదే మొదటి తప్పన్నాను చూడు, అది.

రెండు నెలలు గడిచాక రువబిత, క్లాసు అయ్యాక కాపర్లకు పంచిన అచ్చు కాగితం పట్టుకుని వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"నాలుగు దూడలు పోయాయండీ. గొంతు కింద గడ్డలు లేచి, పిడుదులు మోసుకొచ్చే జ్వరంతో పోయాయి. ఈ కాగితంలో చెప్పినట్టే మందు కలిపాను."

మత్సికో చదివాడు. అంకెలన్నీ తనవే. తన మందలు, తన రోజులు, ఏ ఆవు చెవిలో ఎన్ని ఉన్నాయో కూడా తను రాసిందే. పైన పేరు మాత్రం డాక్టర్ కతుంగిది. ఆఖరి మాట తనది కాదు. పిడుదులు చావకపోతే మందు సగం ఎక్కువ కలపండి అని ఉంది. కాగితం వెనక వైపు, క్లాసులో కూర్చుని విని ఒప్పుకున్న డాక్టర్ల పేర్లు. పదకొండోది మత్సికో.

"నేను పట్నం డాక్టరు మాట నమ్మే రకం కాదండీ," అన్నాడు రువబిత. "మీ పేరు చూసి కలిపాను."

ఆ మాట మీ చిన్నాన్నకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మోటారు సైకిలెక్కి ఎంబరారా వెళ్లాడు.

కతుంగి వాకిట్లో కుర్చీ వేయించాడు. పాల ముంత తెప్పించాడు. మత్సికో ముంత అందుకోలేదు. మనలో పాలు వద్దంటే స్నేహం వద్దన్నట్టే, నోటితో ఇంకేమీ అనక్కర్లేదు. అయినా అన్నాడు.

"నా ఆఖరి పేజీ ఏదిరా?"

"ఆ రోజు హాల్లో అందరికీ భోజనం పెట్టింది మందులమ్మేవాడు. అన్నం పెట్టినవాడి ముందు నీ మందు పనిచెయ్యదయ్యా అని ఎలా అనను? కాస్త మార్చాను. నీ పని వృథా పోలేదుగా."

"నా పేరెందుకు రాశావు?"

"భలేవాడివే. నువ్వే కదరా రాయమన్నావు. నాలుగుసార్లు."

"వెళ్లి ఆఫీసులో చెబుతాను. అంకెలు నావని, మాట నాది కాదని."

కతుంగి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు. "ఏమని చెబుతావు? ఆ రోజు నువ్వు హాల్లోనే ఉన్నావు. రెండో వరసలో కూర్చున్నావు. నేను చెప్పిందంతా విన్నావు, చప్పట్లు కూడా కొట్టావు. కాగితం అదే అంటోంది. లేనంటావా, నాలుగేళ్ల పాయింట్లు పోతాయి, వెనకే లైసెన్సూ పోతుంది. ఆవులిచ్చి పుచ్చుకున్నవాళ్లం, నీ మంచికే చెబుతున్నా. పాలు తాగు."

మత్సికో ఇంటికొచ్చి తొమ్మిది రోజులు ఆఫీసు వైపు వెళ్లలేదు. పని మానలేదు. వెళ్లిన ప్రతి మందలోనూ ఆ కాగితమే కనిపించింది, కంచెకి గుచ్చి. కలపొద్దని చెబితే కాపర్లు కాగితం తిప్పి అతని పేరే అతనికి చూపించారు. పదో రోజు పొద్దున వాళ్ల నాన్న దగ్గరికి, అంటే నా దగ్గరికే, వచ్చి కూర్చున్నాడు. "నాన్నా, చదువంతా ఈ లైసెన్సు కోసమే చదివాను. అది పోతే నేనేంటి?" అన్నాడు. నాలుగో తరగతి చదివిన ముసలాడు ఏం చెబుతాడు? రువబితకి ఇంకెన్ని దూడలు మిగిలాయి అని మాత్రం అడిగాడు. మత్సికో లేచి చొక్కా మార్చుకున్నాడు.

లైసెన్సులిచ్చే ఆఫీసులో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కూర్చున్న ఆవిడ నాలుగేళ్ల హాజరు కాగితాలు బల్ల మీద పరిచింది. కతుంగినీ పిలిపించారు.

"ఈ సంతకాలు మీవి కాదంటారా?"

"కాదమ్మా. నాలుగూ నావి కావు. నేను ఆ హాల్లో అడుగు పెట్టలేదు. కాగితంలో ఉన్న మాట నేను విననూ లేదు, ఒప్పుకోనూ లేదు. ఆ మందు అలా కలిపితే దూడలు పోతాయి."

"మరి ఈ సంతకాలెవరు పెట్టారు?"

మత్సికో కతుంగి వైపు చూశాడు. అంతదాకా వచ్చాక వాడే ఒప్పుకుంటాడనుకున్నాడు, వెర్రివాడు. కతుంగి కోటు గుండీ పెట్టుకుంటూ లేచాడు.

"నాకు తెలియదు మేడమ్. కాగితం అందరి చేతులూ తిరిగి వస్తుంది. మత్సికో ఎవరి చేత పెట్టించుకున్నాడో మరి."

ఆవిడ మళ్లీ మత్సికో వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఎవరు?"

మత్సికో తల వంచుకున్నాడు. కతుంగి ఇచ్చిన దూడ అప్పటికి ఆవై, దాని దూడతో పాటు మన మందలోనే మేస్తోంది. తన సంగతి తాను చెప్పుకోగలడు గానీ ఆవునిచ్చిన చేతిని వేలెత్తి చూపలేకపోయాడు. ఆ సంగతి కతుంగికీ తెలుసు. తెలిసే గుండీ పెట్టుకున్నాడు.

ఆఫీసువాళ్లు మన బీళ్లకొచ్చి పిడుదులేరి సీసాల్లో పట్టుకెళ్లారు. మత్సికో చెప్పిందే నిజమని తేలింది. కొలత పెంచొద్దని ఊరూరికీ కొత్త కాగితం పంపారు. దాని మీద ఎవరి పేరూ లేదు. మత్సికో లైసెన్సు రెండేళ్లు ఆపేశారు. దొంగ హాజరు అన్నారు. అది అబద్ధమని ఎవరూ అనలేరు కూడా. నీతో చదివే పిల్లలు నీ ముందు ఏమంటున్నారో నాకు తెలుసు. వాళ్లు వినని సగం ఇదిగో.

మర్నాడు మత్సికో ఆ ఆవునీ దూడనీ తోలుకుని రెండు రోజులు నడిచి ఎంబరారాలో కతుంగి గేటుకి కట్టేసి వచ్చాడు. తనిచ్చిన పెయ్య సంగతి అడగలేదు. కతుంగి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడట, బయటికి రాలేదట. అందుకే ఇప్పుడు నేనీ మాటలు చెప్పగలుగుతున్నాను. మన మందలో అతని ఆవు లేదు.

పోయిన పాయింట్లు మళ్లీ కూడబెట్టుకుంటే గానీ లైసెన్సు రాదు. అంటే క్లాసులకు వెళ్లాలి. క్లాసులు జరిపించేది ఇప్పటికీ కతుంగే. మొన్న మీ చిన్నాన్న వెళ్లి రెండో వరసలో కూర్చున్నాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా వాడు చెప్పిందంతా విన్నాడు. కాగితం వచ్చినప్పుడు తన చేత్తోనే, కోడి గీరినట్టే, సంతకం పెట్టి వచ్చాడు.

సోమవారం నువ్వు ఎంబరారా వెళ్తున్నావుగా తల్లీ. కతుంగి ఇంటికి వెళ్లు. పాలిస్తే నీ ఇష్టం. ఈ కాగితం మాత్రం చేతికివ్వకు, ఇస్తే చదవకుండానే సంతకం పెట్టేస్తాడు. ఎదురుగా కూర్చుని, మొదట్నించి, మీ చిన్నాన్న తప్పుతో సహా, నువ్వే చదివి వినిపించు.